గుట్ట కింది చిక్కుడు తీగ

గిన్నెల గుట్ట మీదికి ఫోన్ తీసుకుపోకూడదు. గేటు దగ్గర వాచ్‌మన్ మొగిలయ్య ఒక రేకు డబ్బా పెట్టుకొని కూర్చుంటాడు. ఒకప్పుడు అది వాళ్లింట్లో బియ్యం డబ్బా. మూత గట్టిగా పడుతుందని తెచ్చి పెట్టాడు. డ్యూటీకి వచ్చినవాళ్లు ఫోన్లు బంద్ చేసి అందులో వేయాలి. స్కూటర్లు, మోటార్ సైకిళ్లు కూడా అక్కడే ఆపాలి. పెట్రోల్ ఇంజన్‌లో పుట్టే నిప్పురవ్వ పైనున్న గిన్నెలకు వినబడుతుంది. డీజిల్ జీపు ఒక్కటే పైకి పోతుంది. దానికి హారన్ లేదు. హారన్ మామూలుగానే చెడిపోయింది, గిన్నెలకూ దానికీ సంబంధం లేదు.

గిన్నెలన్నది ఊళ్లవాళ్లు పెట్టిన పేరు. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకునే ఆంటెన్నాలవి. గుట్ట మీద చదునుగా ఉన్నచోట ముప్పై దాకా ఉన్నాయి. అన్నీ కలిసి ఒక పెద్ద చెవిలాగా పనిచేస్తాయి. ఒకటి తూర్పుకు తిరిగితే అన్నీ తూర్పుకు తిరుగుతాయి. ఏదైనా మొండికేస్తే దాన్ని లెక్కలోంచి తీసేసి మిగిలిన వాటితో నడిపించాలి. కోతులు ఎక్కి కూర్చుంటే సైరన్ వేయాలి. గాలిదుమారం వచ్చేలా ఉంటే అన్నింటినీ వెల్లకిలా తిప్పి ఆపాలి. ఈ పనికి ఇద్దరు ఆపరేటర్లు. ఒకరు శ్రీలత, ఇంకొకరు బాలరాజు. ఒక వారం శ్రీలతది పొద్దటి డ్యూటీ, బాలరాజుది సాయంత్రం. మరుసటి వారం అటుదిటు. రాత్రి పది దాటితే గిన్నెలు వాటంతట అవే నడుస్తాయి.

శ్రీలత ఇల్లు గుట్ట కిందే, కొడిమ్యాల పోయే తొవ్వలో. జగిత్యాలలో ఎలక్ట్రానిక్స్ చదివింది. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏడాదికొకసారి పొడిగిస్తారు. భర్త హరీశ్ మస్కట్‌లో ఏసీ మెకానిక్. ఇంట్లో అత్త రాజలక్ష్మి, రెండో తరగతి చదివే కూతురు దీక్షిత. ఇంటి వెనక మక్క చేను. అత్త చేను చూసుకుంటుంది, కోడలు ఆకాశం చూసుకుంటుంది. ఈ ఏర్పాటు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. మూడేళ్లుగా నడుస్తోంది.

ఆ యాసంగిలో, కంకులు పాలు పోసుకునే రోజుల్లో, స్క్రీన్ మీద గీతలు మొదలయ్యాయి.

కంట్రోల్ రూంలో ఒక స్క్రీన్ ఉంటుంది. గిన్నెలు విన్నదంతా దాని మీద పైనుంచి కిందికి జారుతూ కనబడుతుంది. వినడానికి ఏమీ లేకపోతే కొత్త పరదాలాగా సాపుగా, నీలంగా ఉంటుంది. ఆ సాయంత్రం పొద్దు గూకిన కాసేపటికి ఆ నీలం మీద తెల్లటి గీత పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. కుట్టుమిషన్ కింద గుడ్డ జరుగుతున్నట్టు వరుసగా పడుతూనే ఉన్నాయి. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఒకటే ఎడం.

శ్రీలత లేచి పోయి అర్జున్ రావును పిలిచింది. గుట్టకు ఆయన పెద్ద. జగిత్యాల నుంచి జీపులో వచ్చి పోతుంటాడు. మొగిలయ్య ఆయన్ను దొరా అంటాడు. అట్ల అనొద్దని ఆయన మూడేళ్లుగా చెప్తున్నాడు. "సరే దొరా" అంటాడు మొగిలయ్య.

అర్జున్ రావు స్క్రీన్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది.

"ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి కొట్టే నక్షత్రాలు కొన్ని ఉంటాయి. అవి స్క్రీన్ మీద ఇలాగే కనబడతాయి. ఆ వారమంతా అర్జున్ రావు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కొత్త నక్షత్రం దొరికిందన్న సంతోషం వల్ల అని శ్రీలతకు అర్థం కాలేదు. కడుపులో బాగాలేదేమో అనుకుంది.

మరుసటి వారం బాలరాజు సాయంత్రం డ్యూటీకి ఎక్కాడు. గీతలు లేవు. నక్షత్రానికి సెలవులుండవు. అర్జున్ రావు వారమంతా చూశాడు. ఆ పై వారం శ్రీలత మళ్లీ సాయంత్రానికి మారింది. పొద్దు గూకగానే కుట్లు మొదలయ్యాయి.

అప్పుడు ఆయన ఆమెను తన గదిలోకి పిలిచాడు.

"శ్రీలతా, కూసో. ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు."

"అడుగుండ్రి సార్."

"హరీశ్ మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు సార్."

"మస్కట్ల ఇప్పుడు టైం ఎంతైతది?"

"మనకంటె గంటన్నర ఎనక."

"అంటే మనకు పొద్దూకే యాళ్లకు డ్యూటీ దిగుతడు."

"ఏసీ పనికి టైం ఉండది సార్. ఒక్కోసారి తిండికి గూడ దిగడు."

అర్జున్ రావు కళ్లద్దాలు తీసి తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"గీతలు నీ సాయంత్రం డ్యూటీలల్లనే అస్తున్నయ్. నువ్వు గుట్ట దిగినంక కొంచెం సేపటికి ఆగుతున్నయ్. బాలరాజు వారంల ఒక్కటి లేదు."

"నా ఫోను మొగిలయ్య మామ డబ్బల ఉన్నది సార్."

"ఒకటి ఉన్నది" అన్నాడు అర్జున్ రావు. "గల్ఫోళ్ల ఇండ్లల్ల ఇంటికి రెండు మూడు ఉంటయ్ గదా."

శ్రీలత లెక్కపెట్టుకుంది. ఇంట్లో నిజంగానే మూడు ఉన్నాయి. ఒకటి పగిలిపోయింది, ఇంకోదాంట్లో దీక్షిత బొమ్మలు చూస్తుంది.

"ఉన్నయ్. కని గుట్ట మీదికి తేలే" అంది.

"పదిహేను రోజులల్ల పెద్దాఫీసు నుంచి అస్తున్నరు. గుట్ట ఎంత సప్పుడు లేకుంటున్నది, ఎవరి కాంట్రాక్టు పొడిగియ్యాలె అని జూస్తరు. గీ గీతలకు నేనేం చెప్పాలె?"

"నాకు తెల్వదు సార్."

"తెల్వకపోతె ఎట్ల? నీ డ్యూటీలనే గదా."

ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఆ సాయంత్రమే వెతకడం మొదలైంది. రిసీవర్లు చూసుకునే దేవేందర్ సిరిసిల్ల పిల్లగాడు. వాళ్ల నాయనకు అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలున్నాయి. మూడు తరాలుగా ఇంట్లో చీరలు నేస్తున్నారు. అతను స్టోర్‌లోంచి చేతి ఆంటెన్నా తెచ్చాడు. పాత టీవీ ఆంటెన్నాలాగా చేప ముల్లు ఆకారంలో ఉంటుంది. ఏ వైపు చూపిస్తే ఆ వైపు నుంచి వచ్చే సిగ్నల్‌కు బీప్ అని కూస్తుంది.

"అక్కా, జెర ప్రహరీ గోడ కాడ నిలవడు" అన్నాడు. "ఏమనుకోకు. సార్ చెప్పిండు."

శ్రీలత గోడ పక్కన నిలబడింది. పొద్దు గూకుతోంది. దేవేందర్ ఆమె తల మీది నుంచి కాళ్ల దాకా ఆంటెన్నా తిప్పాడు. గాజుల దగ్గర ఆగాడు, పుస్తెల దగ్గర ఆగాడు, టిఫిన్ డబ్బా చూశాడు. డబ్బాలో చిక్కుడుకాయ కూర ఉంది. అందులో సగం మధ్యాహ్నం అతనే తిన్నాడు.

"జడల పిన్నీసులున్నయా అక్కా?"

"ఉన్నయ్. పిన్నీసుల కెళ్లి మస్కట్‌కు ఫోన్ పోతదా?"

"నన్నెందుకు తిడ్తవ్? నేను పట్టుకొని నిలవడ్డోన్ని."

"బిడ్డా, జెర చేతులు లేపు" అన్నాడు మొగిలయ్య. అతన్నెవరూ పిలవలేదు, చూద్దామని గేటు వదిలి వచ్చాడు. "మా తమ్ముని కొడుకు దుబాయ్ నుంచి బొటనవేలంత ఫోన్ తెచ్చిండు. చెవుల వెట్టుకుంటె కనవడది."

"మామా, నువ్వు పోయి గేటు కాడ కూసోరాదు."

సరిగ్గా అప్పుడే ఆంటెన్నా కూసింది. బీప్. ఆగి మళ్లీ బీప్. ఆంటెన్నా తిన్నగా శ్రీలత వైపే ఉంది. అర్జున్ రావు గదిలోంచి బయటికి వచ్చాడు. సిరిసిల్లలో ఇద్దరక్కలున్న దేవేందర్ తల దించుకున్నాడు.

"దేవేందర్, నేను జరుగుత, నువ్వు జరుగకు" అంది శ్రీలత.

ఆమె ఎడమకు జరిగింది. ఆంటెన్నా ఉన్నచోటే ఉంది. బీప్, బీప్. ఆమె ఇంకా దూరం పోయి మెట్ల మీద కూర్చుంది. బీప్, బీప్.

"అంటే ఫోను ఆమె కాడ లేదు" అన్నాడు దేవేందర్, ఊపిరి పీల్చుకొని.

అర్జున్ రావు గోడ మీది నుంచి తొంగి చూశాడు. గోడ అవతల గుట్ట వాలు, దాని నిండా పొదలు. "గీ పొదలల్ల ఉన్నట్టున్నది" అన్నాడు. ఎవరు పెట్టారన్నది ఆయన అనలేదు. పొద్దున వెతుకుదామని మాత్రం మొగిలయ్యతో చెప్పాడు.

శ్రీలత కూడా ఆ వైపు చూసింది. ముందు పొదలు. పొదల తర్వాత బండలు. బండల తర్వాత, అదే గీత మీద, బోరు మోటరు గది. దాని పక్కన చిక్కుడు తీగ పాకిన కంచె. దాని వెనక తమ మక్క చేను. గుట్ట మీద డ్యూటీ చేయబట్టి మూడేళ్లలో ఆ చేనును ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చూడలేదు.

పొద్దున మొగిలయ్య పొదలన్నీ దులిపాడు. ఒక ఎడమకాలి చెప్పు, రెండు సీసాలు, ఏడాది కింద కోతులు ఎత్తుకుపోయిన దేవేందర్ టిఫిన్ మూత దొరికాయి.

ఆ సమయానికి శ్రీలత ఇంటి ముందు గద్దె మీద కూర్చుంది. అత్త చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. దీక్షిత బడికి జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకొని నిలబడింది.

"అత్తమ్మా, చిక్కుడు వెట్టిన తీగల కరెంటున్నదా?"

"కరెంటెక్కడిది?" అంది రాజలక్ష్మి. "సోలార్ది."

ఇంకో కాయ ఈనె తీసింది.

"ఝట్కా మిషనా?"

"ఆఁ. తీగ ముట్టితె అడివి పంది సావది. ఆగి ఆగి ఒక్కో దెబ్బ కొట్టి ఇడుస్తది. కోరుట్లల మా చెల్లె కొడుకు దుకాణం వెట్టిండు గదా, ఆన్ని అడిగి తెచ్చిన."

"హరీశ్‌కు ఎరికేనా?"

"ఆడే గదా తెమ్మన్నది."

శ్రీలత కూతురి వైపు చూసింది.

"నేనే స్విచ్ ఏస్త" అంది దీక్షిత. "నానమ్మ నీకు చెప్పొద్దన్నది."

"అంటే ఇంట్ల నాకొక్కదానికే ఎరుక లేదు."

"నీకు చెప్తె వద్దంటవ్" అంది అత్త. "పంచాయతి ఆఫీసుల మీటింగ్ వెట్టి, గుట్ట సుట్టు గిసొంటి మిషన్లు వెట్టొద్దని నువ్వే గదా మైకుల చెప్పినవ్."

"నువ్వు ముందట్నే కూసున్నవ్."

"కూసున్న. సప్పట్లు గూడ కొట్టిన. మంచిగ మాట్లాడినవ్."

శ్రీలత దువ్వెన తీసుకొని కూతురి జడ విప్పింది. అత్త ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు చాట పక్కన పెట్టింది.

"నువ్వు పొద్దటి డ్యూటీ ఉన్నప్పుడు సరే. పొద్దూకంగ నువ్వు ఇంట్ల ఉంటవ్, నేను పోయి మంచె మీద ఉండి డబ్బ కొట్టుకుంట. నువ్వు సాయంత్రం డ్యూటీకి పోతె ఎట్ల? నేను చేన్లుంటె పిల్ల కాడ ఎవలుండాలె? పిల్ల కాడుంటె చేన్ల ఎవలుండాలె? పోయినేడు గసొంటి వారమే పడి ముప్పావు చేను మేసినయ్. హరీశ్ ఏమన్నడు? 'గా కొలువు బంద్ చెయ్యమను' అన్నడు. నేనే వద్దన్న. గా కొలువు నిలవడాలె అంటె గీ మిషన్ గావాలె అన్న. సరే తెమ్మన్నడు. నువ్వచ్చి పండుకున్నంక నేను పోయి బంద్ చేసి మంచె ఎక్కుత. లేకుంటె చీకట్ల తీగ నాకే కొడ్తది గదా."

శ్రీలత జడ గట్టిగా అల్లింది. దీక్షిత "అమ్మా" అని అరిచింది.

"మల్ల చిక్కుడెందుకు వెట్టినవ్?"

"నీకు తీగ కనవడొద్దని."

"అత్తమ్మా, ఉత్త తీగైతె గంత సప్పుడు ఉండకపోవు. చిక్కుడు ఆకు తగిలినకాడల్ల నిప్పు రాలుతున్నది. గా నిప్పే మీద వినవడ్తున్నది."

రాజలక్ష్మి చాటలోని కాయల వైపు చూసింది. "అంటె చిక్కుడు వెట్టకపోతె దొరకకపోదునా?"

"దొరకకపోదువేమో."

"కాయ మంచిగనే కాసింది" అంది రాజలక్ష్మి. "సరే. ఇయ్యాల్నే మిషన్ పీకేస్త. ఎవలకు తెల్వది."

"పీకేస్తె గీతలు ఆగుతయ్. నిన్న నన్ను నిలవెట్టి ఎతికిండ్రు. ఇయ్యాల పొదలన్ని దులుపుతున్నరు. ఎతికిన తెల్లారే ఆగినయంటే ఏమంటరు?"

అత్త ఆలోచించింది. "ఫోను తీసి దాసుకున్నవంటరు."

"అంటరు. పీకకపోతె ఆపరేటర్ ఇంట్లనే మిషన్ ఉన్నదంటరు."

"రెండిట్ల ఏది మంచిది?"

శ్రీలత జడకు రిబ్బన్ కట్టింది. "మిషన్ మాటన్న నిజం" అంది.

మధ్యాహ్నం డ్యూటీకి పోగానే అర్జున్ రావు గదికి పోయి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, అది ఫోన్ కాదు. మా అత్త."

అర్జున్ రావు పెన్ను కింద పెట్టాడు. "మీ అత్త స్క్రీన్ మీద ఎట్ల కనవడ్తది?"

ఆమె మొదటి నుంచి చెప్పింది. పందులు, మంచె, కోరుట్ల దుకాణం, చిక్కుడు, దీక్షిత వేసే స్విచ్. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"నువ్వు మైకుల చెప్పినప్పుడు మీ అత్త ముందట కూసున్న యాది ఉన్నది నాకు."

"సప్పట్లు గూడ కొట్టింది సార్."

"అవు. గట్టిగనే కొట్టింది." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నువ్వు చెప్తున్నవ్, నేను వింటున్న. కని కండ్లతోటి చూడాలె. మీ అత్తను పిలిపియ్యి."

రాజలక్ష్మి మరునాడు ఉతికిన చీర కట్టుకొని జీపులో పైకి వచ్చింది. మొగిలయ్య డబ్బా మూత తీసి పట్టుకున్నాడు.

"నాకాడ ఫోన్ లేదు."

"మరి నీ నడుముల గదేంది?"

"తంబాకు డబ్బి."

"గదైతె కొంచం వెట్టిపో" అన్నాడు మొగిలయ్య.

దేవేందర్ చేను దగ్గరికి పోయి మిషన్ పక్కన కూర్చున్నాడు. అతనికి ఫోన్ చేయడానికి లేదు కాబట్టి మొగిలయ్య ప్రహరీ గోడ మీద ఎర్ర తువ్వాల పట్టుకొని నిలబడ్డాడు. తువ్వాల లేపితే ఆన్, దించితే బంద్. కంట్రోల్ రూంలో అర్జున్ రావు, శ్రీలత, ఆమె అత్త స్క్రీన్ ముందు కూర్చున్నారు. స్క్రీన్ సాపుగా ఉంది.

"లేపు" అని అర్జున్ రావు తలుపులోంచి కేకేశాడు.

నీలం మీద తెల్ల కుట్టు పడింది. ఇంకోటి పడింది.

"దించు."

ఆగిపోయాయి. ఇంకోసారి లేపించాడు, దించాడు. మూడోసారి అవసరం లేదు, అయినా లేపించాడు. మొగిలయ్యకు చెయ్యి నొప్పి పుట్టింది.

రాజలక్ష్మి ముందుకు వంగి చూసింది. "గిది నాదేనా?"

"నీదే అత్తమ్మా."

"ఎంత సక్కగ అస్తున్నది! గిండ్ల పందులు కనవడ్తయా?"

"కనవడయ్."

"చుక్కలు?"

"చుక్కలు గూడ గిట్ల గీతల లెక్కనే."

రాజలక్ష్మి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "మరి గింత పెద్ద గిన్నెలు వెట్టి ఏం జూస్తున్నరు దొరా?"

అర్జున్ రావు చూపు చివరి కుట్టు మీద ఉంది. అది మెల్లగా కిందికి జారి స్క్రీన్ అంచులో మాయమైంది.

"మొదటి వారం నేను నక్షత్రమనుకున్న" అన్నాడు. "ఇంట్ల గూడ చెప్పిన."

ఇంట్లో అంటే జగిత్యాలలో ఆయన భార్య దమయంతి. ఆమె అప్పటికే వాళ్ల అక్కకు, పక్కింటివాళ్లకు చెప్పి ఉంటుందని శ్రీలతకు అనిపించింది.

తర్వాత ఆయన మామూలు గొంతుతో మాట్లాడాడు. ఫోన్ మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఆ మాట దేవేందర్, మొగిలయ్య ముందు కూడా అన్నాడు. ఉద్యోగం సంగతి మాత్రం వేరు. "పెద్దాఫీసోళ్లు వచ్చేది నీ సాయంత్రం వారంలనే. గా దినం స్క్రీన్ గిట్ల సాపుగ ఉండాలె. ఉంటే కారణం తెలిసింది, తీసేసినం అని చెప్పి సంతకం పెడుత. వాళ్ల ముందట ఒక్క కుట్టు పడ్డా నాతోని కాదు శ్రీలతా."

"మిషన్ ఇయ్యాల్నే ఇప్పుత" అంది రాజలక్ష్మి. "కని పంది ఒక్క కంకి ముట్టినా మల్ల పెడుత. చెప్పే పెడుత. దాసి పెట్ట."

ఆ మాటతో ఉద్యోగం పందుల చేతికి పోయింది.

ఇక మిగిలింది చీరలు. చేను చుట్టూ చీరలు కడితే పందులు మనుషులున్నారనుకొని రావు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది కడతారు. రాజలక్ష్మి కూడా పోయినేడు కట్టింది, పనిచేయలేదు. తప్పు ఎక్కడో ఆమెకు తెలుసు. పెట్టె అడుగున ఏండ్లుగా ఉన్న పాత చీరలు కట్టింది. పంది రంగు చూసి భయపడదు, వాసన చూసి భయపడుతుంది. కట్టి విడిచిన చీరలే కావాలి, ఉతకకుండా. వాసన పోయిన చీర తీసి కొత్తగా విడిచింది కట్టాలి. ఆమెకున్న చీరలు చేనుకు ఒక పక్కకే సరిపోతాయి.

మరునాడు దేవేందర్ సిరిసిల్ల నుంచి ఒక మూట తెచ్చాడు. పండుగకు సర్కారు పంచే చీరల్లో అంచు సరిగ్గా రాక మిగిలిపోయినవి. రాజలక్ష్మి ఒకటి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కొత్తయి. వాసన లేదు."

"మా సాంచెల మీద నేసినయ్ పెద్దమ్మా. మంచి గుడ్డ."

"పందికి మంచి గుడ్డ ఏం తెలుస్తది? ఎవలన్న కట్టాలె."

దేవేందర్ మూట వెనక్కి తీసుకుపోయాడు. వాళ్లమ్మ, అక్కలు, సాంచెల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు తలా ఒకటి కట్టుకొని విడిచారు. రెండు రోజుల తర్వాత అదే మూట మళ్లీ వచ్చింది. ఈసారి రాజలక్ష్మి వాసన చూసి తలూపింది.

అర్జున్ రావు జీపు దిగుతూ ఒక సంచి శ్రీలత చేతికిచ్చాడు. ఆమె మొహం చూడలేదు. అందులో దమయంతివి నాలుగు చీరలు, మడత పెట్టనివి.

"ఉతుకలే" అన్నాడు. "ఎందుకని అడిగింది. చెప్పిన. 'మీ నక్షత్రం దొరికిన చేనుకేనా' అన్నది."

"మేడమ్‌కు కోపమచ్చిందా సార్?"

"నవ్వింది. కోపమచ్చినా మంచిగుండు."

అయినా చేను నాలుగో పక్క ఖాళీగానే ఉంది. పందులు ఏ పక్క ఖాళీ ఉందో చూసే వస్తాయి. రాజలక్ష్మి కోడలి బీరువా ముందు నిలబడింది.

ఆ బీరువాలో హరీశ్ పంపిన చీరలున్నాయి. వచ్చినప్పుడల్లా రెండు తెస్తాడు, ఎవరైనా వస్తుంటే ఒకటి పంపుతాడు. జారిపోయే గుడ్డ, మెరిసే చుక్కలు, నెమలి రంగు, ఉల్లిపొర రంగు. శ్రీలత గుట్టకు పంజాబీ డ్రెస్‌లోనే పోతుంది. ఆ చీరలు ఎప్పుడు కట్టాలో ఆమెకు తోచలేదు. వీడియో కాల్‌లో హరీశ్ అడిగినప్పుడల్లా పెండ్లి ఏదైనా రానీ అంటుంది. పెండ్లిళ్లు వచ్చాయి, పోయాయి.

"గివి ఒక్కదినమన్న కట్టాలె" అంది అత్త. "నేను కట్టుకుంటె ఊరు నవ్వుతది."

మరుసటి వారం పొద్దటి డ్యూటీకి శ్రీలత రోజుకో గల్ఫ్ చీర కట్టుకొని పోయింది. మొదటి రోజు నెమలి రంగుది. మెట్లెక్కుతుంటే ఎండలో చుక్కలన్నీ మెరిశాయి. మొగిలయ్య డబ్బా మూత పట్టుకొని లేచి నిలబడ్డాడు.

"ఏం పండుగ బిడ్డా?"

"డ్యూటీ మామా."

"గా మెరిసేటియి ఇనుమా?"

దేవేందర్‌ను పిలిచారు. అతను ఆంటెన్నా తెచ్చాడు కానీ ముందు చీర కొంగు పట్టుకొని నేతగాని కళ్లతో చూశాడు. "ప్లాస్టిక్. జిగురు వెట్టి అంటిచ్చిండ్రు" అన్నాడు, కొంచెం చిన్నచూపుగా. ఆంటెన్నా కూయలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి పోగానే శ్రీలత చీర విడిచి ఇచ్చింది. అత్త దాన్ని చిక్కుడు తీగ పక్కనే, మిషన్ తీసేసిన ఆ తీగకే కట్టింది. వారం తిరిగేసరికి నాలుగో పక్క కూడా నిండింది.

పెద్దాఫీసు వాళ్లు ముగ్గురు వచ్చారు. శ్రీలత ఉల్లిపొర రంగు చీరలో సాయంత్రం డ్యూటీలో ఉంది. వాళ్లు పొద్దు గూకే వేళకు కంట్రోల్ రూంలోకి వచ్చారు. ఆమె గిన్నెలను పడమటికి తిప్పింది. ముప్పై గిన్నెలు కలిసి తిరుగుతుంటే వాళ్లు కిటికీలోంచి చూశారు. ఆమె స్క్రీన్‌నే చూసింది. కింద చేన్లో ఇప్పుడు ఎవరూ లేరు. అత్త ఇంట్లో దీక్షితతో ఉంది. చేను చుట్టూ ఉన్నది చీరలొక్కటే, వాటిలో సిరిసిల్ల ఆడవాళ్లు, జగిత్యాల దమయంతి, అత్త, తాను.

స్క్రీన్ మీద నీలం జారుతూనే ఉంది. చీకటి పడింది. అర్జున్ రావు రెండోసారి చాయ్ తెప్పించాడు. నీలం అలాగే ఉంది.

పోతూ పోతూ వాళ్లలో పెద్దాయన, వచ్చేటప్పుడు గోడ మీది నుంచి చూసినదాన్ని గుర్తు చేసుకొని అడిగాడు. "కింద పొలం చుట్టూ రంగురంగులుగా ఏమిటవి?"

"చీరలు" అన్నాడు అర్జున్ రావు.

"ఎందుకు?"

"రేడియో శబ్దం రాకుండా."

పెద్దాయన తల పంకించాడు. బయట జీపు దగ్గర అర్జున్ రావు దేవేందర్‌తో, శ్రీలత కాగితం పొద్దున తన టేబుల్ మీద పెట్టమని చెప్పడం ఆమెకు వినబడింది.

రెండు రోజుల తర్వాత పొద్దున హరీశ్ వీడియో కాల్ చేశాడు. శ్రీలత డ్యూటీకి ముందే ఇంకో చీర కట్టుకొని ఉంది, ఎర్రది. మక్కలు ఇంకా కోయలేదు. వాసన పోయిన చీరలు మార్చాలి.

హరీశ్ ఫోన్ దగ్గరికి తెచ్చుకొని చూశాడు.

"అమ్మ చెప్పింది, రోజుకొకటి కడ్తున్నవట" అన్నాడు. "మూడేండ్ల నుంచి అడుగుతున్న. ఇప్పుడెందుకు కట్టబుద్దైంది?"

వంటింట్లోంచి అత్త ఇటు చూసింది. దీక్షిత నోరు తెరవబోతే అత్త దాని నోట్లో చిక్కుడు గింజ పెట్టింది.

"డ్యూటీకి మంచిగుంటున్నయ్" అంది శ్రీలత.

"కాంట్రాక్టు ఏమాయె?"

"సంతకమైంది."

"మంచిది." అతను నవ్వాడు. "గా నెమలి రంగుది మంచిగుంటుండె. ఒక్కసారి కట్టి చూపియ్యి."

"ఇప్పుడెట్ల? చేన్ల ఉన్నది."

"చీర చేన్లెందుకున్నది?"

శ్రీలత ఫోన్ పట్టుకొని ఇంటి వెనక్కి పోయింది. నెమలి రంగు చీర చిక్కుడు తీగకు కట్టి ఉంది, గాలికి లేస్తోంది. దాని కింద మట్టిలో పంది అడుగులు చేను దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి పోయాయి. ఆమె ఫోన్‌ను అటు తిప్పి చూపించింది.

"కావలి ఉన్నది" అంది.